సముద్రం టిక్కెట్టు అడగదు



ఈ పేజీకి వచ్చే ఉత్తరాల్లో ఒక ప్రశ్న మళ్ళీ మళ్ళీ కనబడుతోంది. విశ్వాసుల కుటుంబం విహారయాత్రకు వెళ్ళవచ్చునా? వెళ్ళవచ్చునంటే, మాబోటి పల్లెటూరి వారికి అంత డబ్బు ఎక్కడిది? మొదటి ప్రశ్న మీద మేము ఎక్కువ రాయము. తినడానికి కూడా తీరిక లేక అలసిపోయిన శిష్యులను ప్రభువే ఏకాంత స్థలానికి పిలిచి విశ్రమించమన్నాడని మార్కు సువార్త 6వ అధ్యాయంలో చదువుతున్నాము. వారు దోనె ఎక్కి వెళ్ళారు కూడా. జనం వారికంటే ముందే అక్కడికి చేరుకున్నారన్నది వేరే సంగతి.

రెండవ ప్రశ్నకు మాత్రం మా అనుభవంలో నుండి జవాబు చెప్పాలని ఉంది. సంక్రాంతి సెలవులకు ముందూ వెనుకా నాలుగు రోజులు కలుపుకొని మేము అండమాన్ దీవులకు వెళ్ళి వచ్చాము. పిల్లలిద్దరూ, వారి నాయనమ్మ, మేమిద్దరం. నాయనమ్మకు డెబ్బై నాలుగేళ్ళు. మెట్ట ప్రాంతంలో పుట్టి, మెట్టలోనే కాపురం చేసి, సముద్రం అనే మాట వాక్యంలో వినడమే గాని కంటితో చూసి ఎరుగదు. ఇంటి పైకప్పు రేకులు మార్చడానికి చీటీ పాడిన డబ్బు ఉంది. అందులో కొంత తీసి, మిగిలినది ముట్టుకోకూడదని మోకాళ్ళ మీద తీర్మానించుకొని బయలుదేరాము. రేకులు ఇంకో వానకు ఆగుతాయి, నేను ఆగుతానో లేదో అని నాయనమ్మే అన్నది.

అండమాన్ అనగానే విమానం, పెద్ద హోటలు అనుకొంటారు. ఓడ కూడా ఉంది. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం నుండి ప్రభుత్వం వారి ప్రయాణికుల ఓడలు పోర్ట్ బ్లెయిర్‌కు వెళ్తుంటాయి. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గాని, అక్కడి జనం నోట ఇంకా పాత పేరే ఉంది. విశాఖ ఓడ ఎప్పుడో ఒకసారి కదులుతుంది, తేదీలు ముందుగా కనుక్కోవాలి. మాకు కుదరక చెన్నైలో ఎక్కాము. రెండున్నర రోజుల ప్రయాణం. ఉద్యోగస్థులకు అంత తీరిక ఉండదు, కోతలు ముగించుకొన్న రైతుకు ఉంటుంది. బంకు క్లాసు అంటే వరుసగా పరుపుల మంచాలు. మొదటి రోజు నాయనమ్మకూ చిన్నవాడికీ వాంతులు. నిమ్మకాయ, అల్లం ముక్క, పులిహోర పొట్లం తీసుకొని వెళ్ళండి. రెండవ రోజు ఉదయం డెక్కు మీదికి వచ్చేసరికి, నీళ్ళలోంచి లేచి పిచ్చుకల గుంపులాగా ఎగిరి మళ్ళీ నీళ్ళలో పడే చేపలు కనబడ్డాయి. ఎగిరే చేపలన్నమాట. మా విహారంలో ఖర్చు లేని మొదటి వినోదం అదే. పిల్లలు రెండు గంటలు అక్కడినుండి కదలలేదు.

దిగిన రోజే మేము పొరపాటు చేశాము. రేవు బయట ఒక ఏజెంటు పట్టుకొన్నాడు. తెలుగు మాట్లాడాడు, అన్నా అన్నాడు, నాయనమ్మ సంచి తానే మోశాడు. ఒక్క పూటకు టాక్సీ, నీటి మీద తిరిగే స్కూటరు, గట్టిగా అరిస్తే వినబడేంత దూరం తీసుకొని వెళ్ళి వచ్చే బోటు. పది నిమిషాల స్కూటరుకు చిన్నవాడు భయపడి ఏడ్చాడు. ఆ రాత్రి లాడ్జిలో లెక్క రాసుకొంటే, నాలుగు రోజుల భోజనాలకు అనుకొన్న సొమ్ము నాలుగు గంటల్లో పోయింది. మా ఇద్దరి మధ్య మాటా మాటా పెరిగింది. పిల్లలు నిద్ర నటించారు. కుటుంబ ప్రార్థన కూడా ముక్తసరిగా అయింది. దాచుకోకుండా రాస్తున్నాము, ఎందుకంటే విహారానికి వెళ్ళిన కుటుంబాలు అక్కడ పోట్లాడుకొనేది చాలామట్టుకు డబ్బు దగ్గరే.

మరునాడు ఆదివారం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. మన శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వలస వచ్చినవారే ఎక్కువ. తెలుగు ఆరాధన ఎక్కడ జరుగుతుందో టీ కొట్టులో అడిగితే చెప్పారు. ఆరాధన అయ్యాక సంఘపు పెద్ద ఒకరు, చేపల పని చేసే ఆయన, మా ముఖాలు చూసే సంగతి గ్రహించినట్టున్నాడు. "తమ్ముడూ, ఇక్కడ చూడాల్సినవన్నీ ఊరకే ఉన్నాయి. మీరు కనుక్కోవాల్సింది రేటు కాదు, ఆటుపోట్ల వేళ" అన్నాడు. ఆ ఒక్క మాటతో మా యాత్ర మారిపోయింది.

ఆయన చెప్పింది చెప్తాము. సముద్రం అక్కడ రోజుకు రెండుసార్లు పొంగుతుంది, రెండుసార్లు వెనక్కు తీస్తుంది. పొంగడం పోటు, తీయడం ఆటు. ఈ రోజు ఉన్న వేళకు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పున్నమికీ అమావాస్యకూ పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. అష్టమి నాటికి రెండూ మెత్తబడతాయి. ఏ వేళ ఎంత లోతో ముందే లెక్కకట్టిన పట్టికలు ఉంటాయి, రేవులో అడిగినా చెప్తారు. తిథులు చూసి నాట్లు వేసే పెద్దల మధ్య పెరిగిన మనకు ఇది కష్టమైన విద్య కాదు. నాయనమ్మకు ఒక్కసారి చెప్తే వచ్చేసింది. మాకే రెండు రోజులు పట్టింది.

పున్నమి వెళ్ళిన మరునాడు తెల్లవారుజామున ప్రభుత్వ పడవలో నీల్ ద్వీపానికి వెళ్ళాము. 2018 నుండి దాని పేరు షహీద్ ద్వీప్. ఫీనిక్స్ బే రేవు నుండి రెండు గంటలు. ప్రైవేటు వారి ఏసీ పడవలు ఉన్నాయి గాని టిక్కెట్టు చాలా ఎక్కువ. ప్రభుత్వ పడవ టిక్కెట్లు త్వరగా అయిపోతాయి, రెండు మూడు రోజుల ముందే క్యూలో నిలబడాలి. అదొక్కటే అందులోని కష్టం.

నీల్ చిన్న దీవి. అద్దె సైకిలు మీద ఒక్క పూటలో చుట్టి రావచ్చు, మాలాగా నడవనూ వచ్చు. తూర్పు పాకిస్తాను నుండి కాందిశీకులుగా వచ్చిన బెంగాలీ కుటుంబాలకు ప్రభుత్వం ఇక్కడ భూములు ఇచ్చింది. పోర్ట్ బ్లెయిర్ తినే కూరగాయల్లో చాలా భాగం ఇక్కడే పండుతుంది. సముద్రం చూడటానికి వెళ్ళిన మేము మొదటి గంటంతా వంగ మడుల దగ్గర నిలబడి పోయామంటే నవ్వుతారు. వరి కోసిన మళ్ళు, పోక చెట్లు, గట్ల మీద అరటి. ఒక రైతు చిక్కుడు పాదుకు తాడు కడుతున్నాడు. ఆయనకు తెలుగు రాదు, మాకు బెంగాలీ రాదు. నాయనమ్మ వెళ్ళి ఆ ముడి అట్లా కాదని విప్పి కట్టి చూపించింది. ఆయన నవ్వి రెండు వంకాయలు ఆమె కొంగులో వేశాడు. ఏ టూరు కాగితంలోనూ లేని వినోదం ఇది.

మధ్యాహ్నం మూడు దాటాక లక్ష్మణ్‌పూర్ దగ్గర రాతి వంతెన వైపు దిగాము. సముద్రం కోసి కోసి వంతెనలాగా మిగిల్చిన రాయి అది. పోటు వేళ అక్కడికి కాలినడకన చేరలేము. ఆటు వేళ నీరు వెనక్కు వెళ్ళి, రాళ్ళ మధ్య గుంటల్లో మాత్రం మిగులుతుంది. ఒక్కొక్క గుంట ఒక్కొక్క లోకం! నీలి రంగు చిన్న చేపలు, రాతిని కరచుకొన్న నత్తలు, నల్లటి తోలు సంచిలాగా కదలకుండా పడి ఉండే సముద్రపు దోసకాయ, చుట్టూ ముళ్ళతో బంతిలాంటి జీవి. పిల్లలు ఒక గుంట దగ్గర కూర్చొని, దానిలో ఎన్ని రకాల ప్రాణులున్నాయో నోటుపుస్తకంలో రాస్తే పదిహేడు తేలాయి. పేర్లు తెలియవు. పెద్దది పేర్లకు బదులు బొమ్మలు వేసింది. ఆదాము జంతువులకు పేర్లు పెట్టిన సంగతి చెప్తే, మనమూ పెడదామని చిన్నవాడు మొదలుపెట్టాడు. ఆ పేర్లు ఇక్కడ రాస్తే పత్రిక వారు ఒప్పుకోరు.

నాయనమ్మ సంగతి. ఆమె చెప్పులు చేత పట్టుకొని నీటి అంచున నిలబడింది. అల వచ్చి పాదాలు తడిపి వెళ్ళింది. వంగి వేలు ముంచి నాలుక మీద పెట్టుకొంది. ఉప్పు అని వినడం వేరు, ఇది వేరు అన్నది. సముద్రానికి దేవుడు గడియ వేసి, ఇంతవరకే అని హద్దు పెట్టిన సంగతి యోబు గ్రంథం 38వ అధ్యాయంలో ఉంది కదా, ఆ హద్దు ఎక్కడుందో చూపించమంది. ఇసుక మీద పోటు వదిలి వెళ్ళిన చెత్త గీత చూపించాము. ఆమె చాలాసేపు ఆ గీత వెంబడే నడిచింది.

అక్కడే ఒక ఇబ్బంది వచ్చింది. పిల్లలు జేబుల నిండా గవ్వలు, శంఖాలు, తెల్లటి పగడపు ముక్కలు నింపుకొన్నారు. ఊరికే దొరికినవే కదా అని మేమూ ఊరుకొన్నాము. నిజం చెప్పాలంటే, బల్ల మీద పెట్టుకొందామని మేమూ ఒకటి ఏరాము. అటుగా వస్తున్న ఒక స్థానికుడు ఆపి, ఇక్కడినుండి ఏదీ తీసుకొని వెళ్ళకూడదన్నాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకూ, చాలా రకాల శంఖాలకూ రక్షణ ఉంది. చచ్చిన పగడపు ముక్క అయినా సరే నేరమే. విమానాశ్రయంలో, రేవులో సంచులు వెదుకుతారు. కావాలంటే లైసెన్సు ఉన్న దుకాణంలో కొని రసీదు దగ్గర పెట్టుకోవాలి.

చిన్నవాడు ఇవ్వనన్నాడు. చట్టం సంగతి వాడికేమి పట్టింది? ఆ పేచీ నడుస్తుండగానే, వాడి అరచేతిలోని శంఖం కదిలింది. దానిలోంచి ఎర్రటి కాళ్ళు బయటికి వచ్చాయి. ఖాళీ శంఖాన్ని ఇల్లుగా చేసుకొని, ఒళ్ళు పెరిగినప్పుడల్లా పెద్ద శంఖానికి మారే పీత అది. మనం ఏరుకొని పోయే ప్రతి ఖాళీ శంఖమూ అటువంటి ఒక పీతకు దొరకని ఇల్లన్నమాట. వాడు కాసేపు దాన్నే చూసి, ఇసుక మీద పెట్టి, తక్కినవి కూడా కుమ్మరించాడు. మా చేతిలోది మేము వాడికి కనబడకుండా పడేశాము.

పోర్ట్ బ్లెయిర్‌కు తిరిగి వచ్చాక మిగిలిన రోజులు సిటీ బస్సుల మీదే గడిచాయి. మోహన్‌పురా బస్టాండు నుండి వండూర్‌కూ చిడియాటాపుకూ బస్సులు ఉన్నాయి. చిడియాటాపులో సూర్యాస్తమయం చూడాలని అందరూ వెళ్తారు. అక్కడ మన ఊరికంటే ముందే పొద్దు కుంకుతుంది, జనవరిలో ఐదున్నరకల్లా చీకటి. చివరి బస్సు ఎన్నింటికో దిగినప్పుడే కండక్టరును అడగండి. మేము అడగలేదు. ఒక కూరగాయల జీపు వారు దయ చూపబట్టి సరిపోయింది.

వండూర్ తీరం కూడా ఉచితమే, కాని అక్కడ మొసళ్ళ హెచ్చరిక బోర్డులు ఉన్నాయి. ఉప్పునీటి మొసలి సముద్రంలో కూడా ఈదుతుంది. వల కట్టిన చోట తప్ప దిగవద్దు, మసక చీకటిలో అసలే వద్దు. ఇంకొక మాట. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఈ దీవులను, ముఖ్యంగా నికోబార్‌ను, తుడిచిపెట్టింది. నేల గట్టిగా కంపించినా, వేళ కాని వేళ సముద్రం ఒక్కసారిగా వెనక్కు తీసినా, చేపలు ఏరడానికి ముందుకు పోకుండా గుట్ట మీదికి పరుగెత్తాలి. ఆటు వేళ తెలిసినవాడికే అది వేళ కాదని తెలుస్తుంది. మన తీరప్రాంతపు పాఠకులకు కూడా పనికివస్తుందని రాస్తున్నాము.

సెల్యులార్ జైలుకు చిన్న టిక్కెట్టు ఉంది. 1906లో కట్టడం పూర్తయిన ఈ జైలుకు ఏడు కొమ్మలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరను అండమాన్ శిక్షకు పంపారని, ఆయనే 1952లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడని పిల్లలకు చెప్పాము. ఒక కొట్టులో తలుపు దగ్గరగా వేసుకొని పెద్దది కాసేపు నిలబడింది. బయటికి వచ్చాక బస్సు దాకా మాట్లాడలేదు.

రాస్ ద్వీపానికి కొద్ది నిమిషాల పడవ ప్రయాణం. దాన్ని ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అంటున్నారు. బ్రిటిష్ వారు ఈ దీవులను ఏలింది అక్కడినుండే. 1941లో భూకంపం, 1942లో జపాను సేనలు, అంతటితో ఆ వైభవం ముగిసింది. వారి ప్రెస్బిటేరియన్ చర్చి గోడలు నిలబడి ఉన్నాయి, పైకప్పు లేదు, చెట్ల వేళ్ళు గోడలను పట్టుకొని దిగాయి. దొరలు కూర్చొన్న చోట జింకలు మేస్తున్నాయి. రేకుల డబ్బు గురించి ఇంకా గుంజాటన పడుతున్న మేము, పైకప్పు లేని ఆ దేవుని మందిరంలో కాసేపు కూర్చొన్నాము. మాట్లాడుకోవలసింది ఒకటి మిగిలి ఉంది, మొదటి రాత్రిది. అక్కడ మాట్లాడుకొన్నాము.

వెళ్ళని చోట్ల గూర్చి కూడా చెప్పాలి. కార్ నికోబార్ చూడాలని మాకు ఎంతో ఆశ. ఆ దీవి బిడ్డ బిషప్ జాన్ రిచర్డ్‌సన్ క్రొత్త నిబంధనను నికోబారీ భాషలోకి తర్జుమా చేశాడు, మొదటి లోక్‌సభలో ఈ దీవుల తరపున కూర్చొన్నాడు. కాని ఆ దీవికి యాత్రికులను రానివ్వరు. ఆ నియమం మంచిదే అనిపించింది.

రెండవది బారాటాంగ్. అక్కడి సున్నపురాతి గుహలు చూడదగ్గవని అందరూ చెప్పారు. రోడ్డు మాత్రం జారవాలనే ఆదివాసుల అడవి గుండా పోతుంది. వాహనాలను గుంపుగా కట్టి, కాపలాతో పంపుతారు. ఆగకూడదు, ఫొటో తీయకూడదు. మాకు మొదటి రోజు తగిలిన ఏజెంటు, దారిలో జారవాలు కనబడితే మీ అదృష్టం, దానికి వేరే డబ్బు లేదు అన్నాడు. జూలో జంతువును చెప్పినట్టే చెప్పాడు. ఆ అడవిలో రోడ్డును మూసివేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పినా, ఏళ్ళ తరబడి బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. మనుష్యులను చూసి రావడానికి మనుష్యులు వెళ్ళడం మాకు మనస్కరించలేదు. మన సంఘాల నుండి బస్సులు మాట్లాడుకొని వెళ్ళేవారు కూడా ఈ మాట ఆలోచించాలి. కార్బిన్స్ కోవ్ తీరానికి పేరిచ్చిన హెన్రీ కార్బిన్ 1860ల్లో ఇక్కడి పాదిరీ. అండమానీయులకోసం రాస్ ద్వీపంలో పెట్టిన 'హోమ్' ఆయన చేతుల్లో ఉండేది. చేరదీయడం పేరుతో అక్కడ వారిని నిర్బంధించారు. మన వారి చరిత్రలో ఈ పుట కూడా ఉంది.

ఖర్చు లెక్క అడుగుతారని తెలుసు. ఓడ, లాడ్జి, రెండు పూటల భోజనం, ఇవి తప్పవు. లాడ్జి ఊరి మధ్య కాకుండా బస్టాండుకు దగ్గరగా చూసుకొంటే బస్సుతో పని జరుగుతుంది. చేపల కూరతో అన్నం చిన్న హోటళ్ళలో మన ఊరి ధరకు కొంచెం ఎక్కువ. తరువాతి ఆరు రోజుల్లో వినోదాలకని మేము పెట్టింది, మొదటి రోజు నాలుగు గంటల్లో పోయిన దానిలో సగం కూడా లేదు. అయినా ఆ మొదటి రోజు బొక్క పూడలేదు. వేసవిలో ఇంటి రేకులు మార్చాము గాని, వెనుక వరుస పాతవే ఉన్నాయి. వానకు అక్కడ గిన్నె పెడుతున్నాము.

నాయనమ్మ ఆ గిన్నె సంగతి ఎత్తదు. ఊరికి వచ్చాక ప్రతి పున్నమికి సాయంత్రం ప్రార్థన అయ్యాక వాకిట్లో మంచం వేయించుకొంటుంది. వెదురు పొద మీదుగా చంద్రుడు లేచేవరకు చూసి, పిల్లలను పిలుస్తుంది.

"అక్కడ ఇప్పుడు పోటు ఎక్కుతూ ఉంటుందర్రా. మన గుంటలు మునిగిపోయి ఉంటాయి."